చెరువు గట్టు మీద బీటా టెస్టింగ్: మొహమాటం లేని పన్నెండు మంది కావాలి

అడిగిన ప్రశ్న ఇది: "భీమవరం దగ్గర ముగ్గురు స్నేహితులం కలిసి రొయ్యల రైతుల కోసం ఒక ఆండ్రాయిడ్ యాప్ చేశాం. మేత, నీళ్ల టెస్టులు, కౌంట్, ఖర్చులు అన్నీ అందులో రాసుకోవచ్చు. రెండు నెలలు మేమే అన్ని రకాలుగా టెస్ట్ చేశాం, బగ్‌లు (యాప్‌లో తప్పులు) దాదాపు లేవు. ఇంకా బీటా టెస్టింగ్ చెయ్యాలా? ప్లే స్టోర్ వాళ్లు 12 మంది టెస్టర్లు, 14 రోజులు ఉండాలంటున్నారు. చుట్టాల్లో పన్నెండు మందికి లింకు పంపించి అయిందనిపిస్తే సరిపోదా?"

ప్లే స్టోర్ గడప దాటడానికి సరిపోతే సరిపోవచ్చు. చెరువు గట్టు ఎక్కడానికి మాత్రం సరిపోదండి.

నేను ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లోనే ఉన్నాను. ఎక్కువ కాలం హైదరాబాద్‌లో చేశాను, కొన్నేళ్లుగా పాలకొల్లులో ఇంటి నుంచే పని. అచ్చం మీలాంటి యాప్‌నే ఒక కంపెనీ తరఫున ఇక్కడి చెరువుల మీద బీటాకి తీసుకెళ్లి మొదటిసారి బాగా దెబ్బతిన్నాను. అందుకే సమాధానం కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు మాటల సంగతి. చేసినవాళ్లు, వాళ్ల ఆఫీసులోవాళ్లు పరీక్షించేది ఆల్ఫా. దాదాపు పూర్తయిన సరుకుని బయటివాళ్లు తమ ఫోన్‌లో, తమ పనికి వాడి చూడటం బీటా. ఈ ఏ, బీ అనే వాడుక 1950ల నాటి ఐబీఎం అనే కంప్యూటర్ కంపెనీ నుంచి వచ్చిందంటారు. అక్కడ కొత్త యంత్రాన్ని ప్రకటించే ముందు చేసే పరీక్ష ఏ, తయారీకి పంపే ముందు చేసేది బీ. మీరు రెండు నెలలు ఎంత శ్రద్ధగా చేసినా అది ఆల్ఫానే. మీ ముగ్గురికీ ఏ బటన్ ఎక్కడుందో తెలుసు, తప్పు బటన్ నొక్కడం ఇక మీ వల్ల కాదు.

"బగ్‌లు దాదాపు లేవు" అన్నారు కదా. మనం అనుకున్నట్టు యాప్ పనిచేస్తోందా లేదా అన్నది మన టెస్టింగ్‌లో తేలుతుంది. అసలు మనం అనుకున్నదే తప్పయితే? అది మన టెస్టింగ్‌లో ఎప్పటికీ దొరకదు. నాకు జరిగింది చెప్తాను.

మా యాప్‌లో వారం వారం కౌంట్ చూపించే గ్రాఫ్ ఉండేది. అంకె పెరిగితే పచ్చ బాణం పైకి, తగ్గితే ఎర్ర బాణం కిందికి. దాంతోపాటు "ఈ వారం కౌంట్ తగ్గింది, గమనించండి" అని ఒక నోటిఫికేషన్. చెరువుల సంగతి తెలియనివాళ్ల కోసం: కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. వంద కౌంట్ అంటే చిన్న రొయ్య, ముప్పై కౌంట్ అంటే పెద్దది, ఎక్కువ రేటు పలికేది. కౌంట్ తగ్గుతోందంటే రొయ్య ఎదుగుతోందని అర్థం, రైతుకి అంతకంటే సంతోషం లేదు. మా యాప్ మాత్రం ఆ రైతుకి ప్రతివారం ఎర్ర బాణం చూపించి హెచ్చరించేది. డిజైన్ కాగితంలో అలాగే ఉంది, ప్రోగ్రామర్ అలాగే రాశాడు, కాగితం పక్కన పెట్టుకుని చూసి నేను పాస్ అని టిక్కు పెట్టాను. పాలకొల్లులో పుట్టి, చెరువుల మధ్య పెరిగి, నేనే పాస్ చేశాను! ఆకివీడు వైపు ఒక పెద్దాయన ఆ స్క్రీన్ చూసి, "ఇదేంటండీ, రొయ్య పెరిగితే ఏడుస్తోంది?" అన్నారు. ఆ ఒక్క మాటా మా ఆఫీసులో ఎవరి నోటా రాలేదు.

అయితే ఆ మాట మాకు మొదటి వారంలో రాలేదు, నాలుగో వారంలో వచ్చింది. అసలు కథ అక్కడుంది.

మొదటి విడతలో పదకొండు మందికి యాప్ ఇచ్చాం. అందరూ కంపెనీకి తెలిసినవాళ్లే, సగం మంది మేనేజర్‌గారి బంధువులు. వాట్సాప్ గ్రూప్ పెట్టాం. మొదటిరోజే ఒకరు "సూపర్ అండి" అన్నారు, వెనకాలే మిగతావాళ్లు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. మూడు వారాల్లో ఒక్క ఫిర్యాదు లేదు. మా మేనేజర్‌గారు రిలీజ్ తేదీ కూడా చూసేసుకున్నారు. ఎందుకో అనుమానం వచ్చి సర్వర్ లాగ్‌లు (ఎవరు ఎప్పుడు యాప్ తెరిచారో నమోదయ్యే చిట్టా) తీస్తే, మూడో రోజు తర్వాత యాప్ తెరిచినవాళ్లు ముగ్గురే. మిగతా ఎనిమిది మంది మర్యాదకి పొగిడి, మళ్లీ పాత నోటుబుక్కుకి వెళ్లిపోయారు.

గోదావరి జిల్లాల మర్యాద సంగతి మీకు చెప్పాలా? ఇంటికెళ్తే కాఫీ ఇస్తారు, పూతరేకులు పెడతారు, "మన కుర్రాళ్లు చేశారు, బ్రహ్మాండంగా ఉంది" అంటారు. మీ మొహం మీద "ఇది నాకు పనికిరాదు బాబూ" అనే మనిషి దొరకడం కష్టం. చుట్టాలైతే ఇంకా కష్టం, రేపు పెళ్లిలో ఎదురుపడాలి కదా. బీటాకి అన్నిటికంటే పెద్ద అడ్డంకి ఈ మొహమాటమే. నెట్‌వర్క్, ఫోన్ పాతదవడం, సర్వర్ ఖర్చు, ఇవన్నీ దాని తర్వాతే.

అందుకని రెండో విడతలో పద్ధతి మార్చాం. "ఎలా ఉంది?" అని అడగడం మానేశాం. ఆ ప్రశ్నకి మన దగ్గర ఒకటే జవాబు. దానికి బదులు "నిన్న రాత్రి మేత ఎంత వేశారో ఒకసారి యాప్‌లో చూపిస్తారా?" అని అడిగి నోరు మూసుకుని పక్కన నిలబడ్డాం. నోరు మూసుకోవడం అన్నిటికంటే కష్టమైన పని. ఆయన తప్పు బటన్ వైపు వేలు తీసుకెళ్తుంటే "అది కాదండీ, పైన" అని నాలుక చివరిదాకా వస్తుంది. అన్నారా, ఆ బగ్ మీకిక దొరకదు.

గట్టు మీద నిలబడితే ఏమేం బయటపడ్డాయో కొన్ని చెప్తాను. మీ యాప్‌లో కూడా ఇవి ఉంటాయని నా నమ్మకం.

యాప్ వాడేది చెరువు యజమాని అని మేం అనుకున్నాం. ఆయన భీమవరంలో ఉంటాడు. మేత వేసేది, చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) ఎత్తి చూసేది, అంకెలు రాసేది గట్టు మీద ఉండే పనివాడు. లాగిన్ ఓటీపీ మాత్రం యజమాని ఫోన్‌కి పోతోంది. పనివాడు ఫోన్ చేసి అడిగి, ఆయన నిద్రలోంచి లేచి చదివి చెప్పేలోపు ఓటీపీ గడువు అయిపోతోంది. మూడుసార్లు అలా అయ్యాక ఎవరైనా నోటుబుక్కే తీస్తారు.

పనివాడి చేతులు తడిగా ఉంటాయి. ఫోన్ ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి ఉంటుంది. ఆ కవర్ మీద మా చిన్న బటన్‌లు పడేవి కావు. పీహెచ్ 8.2 అని కొట్టబోతే చుక్క పడక 82 అయ్యేది, యాప్ దాన్ని నోరు మూసుకుని మింగేసేది. పీహెచ్ 14 దాటదని స్కూలు పిల్లలకీ తెలుసు, మా యాప్‌కి మేం చెప్పలేదు.

గట్టు మీద సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. సేవ్ నొక్కితే చక్రం తిరుగుతూ ఉంటుంది, మనిషి మళ్లీ నొక్కుతాడు, మళ్లీ నొక్కుతాడు. సిగ్నల్ రాగానే మూడూ వెళ్లిపోయేవి. ముప్పై కిలోల మేత తొంభై అయింది, ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్య పెరగడానికి ఎన్ని కిలోల మేత పట్టిందో చెప్పే అంకె) లెక్క మూడు దాటింది. ఆ అంకె చూసి యజమాని పనివాణ్ని దొంగ అన్నంత పని చేశాడు. ఇది నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఒక మనిషి జీతం మీదకి వచ్చే బగ్‌ని మేం "డూప్లికేట్ ఎంట్రీ, తక్కువ ప్రాధాన్యం" అని రాసిపెట్టుకున్నాం. ప్రతి ఎంట్రీకి ఫోన్‌లోనే ఒక విడి నంబర్ ఇచ్చి, అదే నంబర్ రెండోసారి వస్తే సర్వర్ వదిలేసేలా చెయ్యండి. ఒక పూట పని, అంతే.

ఇక డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, తగ్గితే మోగే అలారం. రాత్రంతా ఎండ ఉండదు కాబట్టి నీళ్లలో ఆక్సిజన్ తయారవదు, ఉన్నదాన్ని అన్నీ పీలుస్తూనే ఉంటాయి. అందుకే తెల్లవారుజామున డీవో అన్నిటికంటే కిందికి పడుతుంది. అలారం మోగాల్సింది సరిగ్గా ఆ వేళకే. ఆఫీసులో ప్రతిసారీ మోగింది, చెరువు దగ్గర మోగలేదు. కారణం చూస్తే, ఆఫీసులో మా ఫోన్‌లు ఎప్పుడూ ఛార్జింగ్‌లో ఉంటాయి. ఇక్కడ రాత్రంతా కదలకుండా పడున్న ఫోన్‌లో బ్యాటరీ సేవర్ మా యాప్‌ని నిద్రపుచ్చేస్తోంది. ఒక్కో కంపెనీ ఫోన్‌లో ఒక్కోలా. చివరికి ఆ హెచ్చరికని యాప్ మీద వదలకుండా సర్వర్ నుంచి నేరుగా ఫోన్ కాల్ వెళ్లేలా మార్చాం. తెల్లవారుజామున 4 గంటలకి గట్టు మీద కూర్చోకపోతే ఈ సంగతి తెలిసేది కాదు. దోమలు మాత్రం భయంకరం, అది వేరే సంగతి.

తెలుగు అక్షరాలని కూడా విడిగా చూసుకోండి. పెద్దవాళ్లు ఫోన్‌లో అక్షరాల సైజు పెంచుకుంటారు, అప్పుడు బటన్ మీద మాట సగానికి తెగిపోతుంది, కింది వత్తులు గీత కింద నలిగిపోతాయి. తెలుగులో ఎస్ఎంఎస్ పంపే ఆలోచన ఉంటే ఇంగ్లీషులోలా 160 అక్షరాలు రావు, ఒక మెసేజ్‌కి 70 మాత్రమే. అందులోనూ గుణింతాలు, వత్తులు విడివిడిగా లెక్కకి వస్తాయి. బిల్లు చూసినప్పుడు తెలుస్తుంది. పెద్ద కంపెనీలు కూడా ఇందులో బోల్తాపడ్డాయి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్‌లకి "జ్ఞా" అక్షరం ఒక ప్రత్యేకమైన యూనికోడ్ (కంప్యూటర్‌లో అక్షరాలకిచ్చే కోడ్) వరుసలో మెసేజ్‌గా వస్తే యాప్‌లు కూలిపోయేవి, గుర్తుందా? ఆ వరుస మధ్యలో కంటికి కనబడని గుర్తు ఒకటి ఉండేది.  జనం చేతిలో ఉన్న ఐఓఎస్ (ఐఫోన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) 11.2.5లో ఆ దోషం ఉంది. ఆపిల్ హడావిడిగా 11.2.6 ఇచ్చి సరిచేసింది. మన భాషలో టైప్ చేసి చూసే మనిషి ఒక్కడు బీటాలో ఉండటం ఎంత అవసరమో దీన్నిబట్టి చూడండి.

ఇప్పుడు మీ 12 మంది లెక్క. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత డెవలపర్ ఖాతాలకి గూగుల్ ఈ నిబంధన పెట్టింది. మొదట 20 మంది అన్నారు, 2024 డిసెంబర్‌లో 12కి తగ్గించారు. క్లోజ్డ్ టెస్ట్‌లో (మీరు పిలిచినవాళ్లే చేరగలిగే టెస్ట్) ఆ పన్నెండు మందీ 14 రోజులు వరసగా చేరి ఉండాలి. ఆ తర్వాత యాప్‌ని అందరికీ విడుదల చెయ్యడానికి అనుమతి అడిగేటప్పుడు టెస్ట్ ఎలా జరిగింది, ఏం తెలిసింది, ఏం మార్చారు అని ప్రశ్నలుంటాయి. చుట్టాలతో కానిచ్చేస్తే అక్కడ రాయడానికి ఏమీ ఉండదు. డబ్బు తీసుకుని టెస్టర్లని సరఫరా చేసేవాళ్లు ఆన్‌లైన్‌లో చాలామంది ఉన్నారు, వాళ్ల జోలికి పోకండి. రొయ్య మొహం చూడనివాళ్లు మీ యాప్‌కి ఏం చెప్తారు?

పన్నెండు మంది ఎవరన్నది ముఖ్యం. యూజబిలిటీ (వాడటానికి ఎంత సులువో చూసే పని) నిపుణుడు జేకబ్ నీల్సన్ ఐదుగురిని కూర్చోబెట్టి చూస్తే చాలు, ఇబ్బందుల్లో 85 శాతం బయటపడతాయని 2000లో రాశాడు. చాలామంది దాన్నే పట్టుకుని బీటాకి కూడా ఐదుగురు చాలంటారు. ఆయన చెప్పింది స్క్రీన్ ఎక్కడ అర్థం కావట్లేదో చూడటం గురించి. పాత ఫోన్‌లు, సిగ్నల్, నిండిపోయిన మెమరీ, ఇవి ఐదుగురితో తేలవు. నేనైతే ఇలా ఏరుకుంటాను: సొంత చెరువు ఉన్నవాళ్లు నలుగురు, లీజుకి చేసేవాళ్లు ముగ్గురు, గట్టు మీద ఉండే పనివాళ్లు ముగ్గురు, మేత దుకాణం నడిపే ఒకరు, అసలు ఫోన్ యాప్‌లంటేనే చిరాకుపడే పెద్దాయన ఒకరు. ఇది బ్రహ్మరాత కాదు, మీ ఊరినిబట్టి మార్చుకోండి. చిరాకు పెద్దాయనని మాత్రం వదలకండి. ఒకరిద్దరు మధ్యలో మానేస్తే 14 రోజుల లెక్క చెడుతుంది కాబట్టి పదిహేను మందినైనా చేర్చుకోండి.

ఎన్నాళ్లు అంటే, పద్నాలుగు రోజులు గూగుల్‌కి చాలు, రొయ్యకి చాలవు. వనామీ రకం రొయ్య కల్చర్ (పెంపకం) సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, వేసిన దగ్గర్నుంచి పట్టుబడి దాకా సుమారు మూడు నాలుగు నెలలు. అందరూ నిన్న సీడ్ వేసినవాళ్లే అయితే మీ పట్టుబడి స్క్రీన్‌ని రెండు వారాల్లో ఎవరూ తెరవరు. అలాగని నాలుగు నెలలు ఆగక్కర్లేదు. కొత్తగా సీడ్ వేసిన చెరువులు కొన్ని, అరవై రోజుల చెరువులు కొన్ని, పట్టుబడికి దగ్గరపడ్డవి కొన్ని ఏరుకోండి. ఒక నెలలో కల్చర్ మొత్తం మీ యాప్‌లోంచి నడిచి వెళ్తుంది. ఆ నెలలో అమావాస్య, పౌర్ణమి కూడా వస్తాయి. రొయ్య గుల్ల విడిచే రోజులని రైతులు మేత తగ్గిస్తారు. అప్పుడు మీ యాప్ "మేత తక్కువ వేశారు" అని సలహా ఇస్తుందేమో చూడాలి. మాది ఇచ్చింది.

ఇంకొక మాట, ఇది గట్టిగా చెప్తున్నాను. బీటాలో ఉండగా ఎవరినీ నోటుబుక్కు మాన్పించకండి. రెండూ రాయమనండి. సాయంత్రం రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఎక్కడుందో అక్కడే మీ బగ్. దీన్ని మించిన టెస్ట్ కేసు నేను రాయలేను. మందులు, మేత మోతాదుల సలహాలు యాప్‌లో ఉంటే ఆ భాగం బీటాలో మూసేసి పెట్టండి. మీ లెక్క తప్పితే పోయేది మీ రేటింగ్ కాదు, వాళ్ల చెరువు. పట్టుబడి, అమ్మిన రేటు లాంటివి రైతు పక్కింటివాడికి కూడా చెప్పడు. ఏం దాస్తున్నారో, ఎవరు చూస్తారో ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోండి, అడిగితే తుడిచెయ్యండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఒకసారి చదువుకోండి.

వచ్చిన ఫిర్యాదులని ఏం చెయ్యాలన్నది ఇంకో సమస్య. అందరూ ఇక్కడే జారిపడతారు, మైక్రోసాఫ్ట్‌తో సహా. విండోస్ 10కి 2018 అక్టోబర్‌లో వచ్చిన అప్‌డేట్ కొందరి కంప్యూటర్లలో డాక్యుమెంట్‌లు, ఫొటోలు తుడిచేసింది. విడుదల చేసిన కొద్ది రోజులకే ఆపేసి, మళ్లీ నవంబర్‌లో గాని ఇవ్వలేదు. దెబ్బతిన్నవాళ్లు చాలా తక్కువ శాతమే. అయినా బీటాలో ఉన్నవాళ్లు కొందరు ఇదే సంగతి విడుదలకి ముందే రాసిపెట్టారు. అక్కడ ఒకరి ఫిర్యాదుకి మిగతావాళ్లు ఓటేస్తే అది పైకి వస్తుంది. దీనికి ఓట్లు ఎక్కువ పడలేదు కాబట్టి అడుగున ఉండిపోయింది. ఆ తర్వాత ఫిర్యాదుతోపాటు నష్టం ఎంత తీవ్రమో కూడా చెప్పే వీలు పెట్టారు.

మీ వాట్సాప్ గ్రూప్‌లోనూ ఇదే జరుగుతుంది. రంగు బాగోలేదని ఎనిమిది మంది అంటారు, నిన్నటి ఎంట్రీలు కనబడట్లేదని ఒక్కరు అంటారు. ఆ ఒక్కరి దగ్గరికి ముందు వెళ్లండి. అసలు గ్రూప్‌లో ఫిర్యాదులు తీసుకోవద్దు, ఒకరి మాట ఇంకొకరి మీద పడుతుంది. విడివిడిగా వాయిస్ మెసేజ్ పెట్టమనండి, రాయడం కంటే అది వాళ్లకి సులువు. మీరు దాన్ని ఒక షీట్‌లోకి ఎక్కించండి: ఎవరు, ఏ ఫోన్, ఏ ఆండ్రాయిడ్, మీ యాప్ వెర్షన్ ఎంత, ఏం చెయ్యబోయారు, ఏమైంది. వెర్షన్ నంబర్ సెట్టింగ్స్ పేజీలో పెద్ద అక్షరాలతో కనబడేలా పెట్టండి. పోయినవారం సరిచేసిన బగ్‌నే మళ్లీ చెప్తున్నారా, కొత్తదా అని కొట్టుకునే టెన్షన్ తప్పుతుంది. సరిచేశాక చెప్పినవాళ్లకి ఫోన్ చేసి "మీరన్నది మార్చామండి" అనండి. రీఛార్జ్ చేయించడం కంటే అదే ఎక్కువ పనిచేస్తుంది, రెండో ఫిర్యాదు దానంతటదే వస్తుంది.

క్లోజ్డ్ టెస్ట్‌లో వాళ్లు ప్లే స్టోర్ ద్వారా రాసే అభిప్రాయాలు మీకు మాత్రమే కనబడతాయి, రేటింగ్‌కి లెక్కరావు. ధైర్యంగా తిట్టమనండి.

ఎప్పుడు ఆపాలి? జీమెయిల్ 2004 ఏప్రిల్ 1న మొదలై 2009 జులై దాకా బీటా అనే బోర్డు కిందే నడిచింది. అది గూగుల్‌కి చెల్లింది. మీరు ఐదేళ్లు ఆ బోర్డు పెట్టుకుంటే రైతు "ఇంకా అవ్వలేదా?" అంటాడు. నా లెక్క ఇది: డేటా పోయే బగ్, తప్పు లెక్క చూపించే బగ్ ఒక్కటి కూడా ఉండకూడదు, నోటుబుక్కూ యాపూ వరసగా రెండు వారాలు కలవాలి, మీరు గుర్తు చెయ్యకుండానే సగం మందైనా రోజూ తెరవాలి. మిగతా చిన్నవి తర్వాత చూసుకోవచ్చు.

విడుదలలో ఒక మెలిక ఉంది. కొద్ది శాతం మందికి ఇచ్చి చూసే వీలు ప్లే స్టోర్‌లో అప్‌డేట్‌లకి మాత్రమే ఉంది, మొట్టమొదటి విడుదలకి లేదు. పైగా ఫోన్‌లలోకి వెళ్లిపోయిన వెర్షన్‌ని వెనక్కి తీసుకోలేరు, ఇంకా పెద్ద నంబర్‌తో కొత్తది ఇవ్వాల్సిందే. కాబట్టి మొదటిది బాగా చూసుకుని వదలండి. శనివారం సాయంత్రం అస్సలు వదలకండి.

చుట్టాల సంగతి అడిగారు కదా. మా బావగారికి పాలకొల్లు దగ్గర రెండు చెరువులున్నాయి, ఒకటి యాభై రోజులది, ఒకటి పట్టుబడికి వచ్చింది. ఫోన్ పాతది, అద్దం మూల పగిలింది, మెమరీ ఎప్పుడూ నిండే ఉంటుంది. నాకు చుట్టమే గాని మీకు కాదు. బాగోకపోతే ఆ మాట మీ మొహం మీదే అంటారు, ఆకివీడు పెద్దాయన కంటే గట్టిగా. క్లోజ్డ్ టెస్ట్ లింకు తయారవగానే నాకు మెసేజ్ పెట్టండి, ఆయనని పదమూడో మనిషిగా వేసుకోండి.